పద్మారావునగర్‌లో మేడ మీద ఒంటి గది, తీసుకోవచ్చా?

నిడదవోలు జంక్షన్ (జూన్ 8, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇన్నాళ్లూ అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో ఉన్నాను, గదికి నలుగురం. ఇప్పుడు సికింద్రాబాద్ వైపు ఒక ఆస్పత్రిలో ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా డ్యూటీ. నెలలో ఓ వారం పన్నెండు కూడా అవుతుంది. ఒకరి అలారం, ఒకరి ఫోను, ఒకరి ఏడుపు మధ్య పడుకుని పడుకుని, ఒక్క రాత్రి చప్పుడు లేకుండా నిద్రపోతే చాలు అన్నట్టుంది నా పరిస్థితి.

పద్మారావునగర్‌లో, స్కందగిరి గుడికి రెండు వీధుల అవతల, పాత ఇంటి మేడ మీద ఒక గది చూశాను. బ్రోకరు దాన్ని 'స్టూడియో' అన్నాడు. గేటుకి కట్టిన టూలెట్ బోర్డు మీద 'పెంట్‌హౌస్' అని ఉంది. పైకెళ్లి చూస్తే ఒకటే గది, అందులోనే ఓ మూల స్టవ్ పెట్టుకోవడానికి రాతి గట్టు, పక్కన బాత్రూమ్. అంతా కలిపి 180 చదరపు అడుగులు ఉంటుందేమో. బయట మాత్రం డాబా అంతా ఖాళీ. అద్దె 8,500, అడ్వాన్సు రెండు నెలలు. కింద ఓనర్లు ఉంటారు: పెద్దాయన, ఆయన భార్య, ఆయన తల్లి. పిల్లలు అమెరికాలో. వీధి ఎంత ప్రశాంతంగా ఉందంటే మెట్ల మీద నా చెప్పుల చప్పుడుకి నాకే సిగ్గేసింది.

ఏం చూసుకోవాలి, ఏం అడగాలి? శనివారం లోపు మాట చెప్పమన్నారు.

లష్కర్ వాలా (జూన్ 8, రాత్రి 10:05)

చెల్లె, మా ఏరియా గురించి అడిగినవ్ కాబట్టి నేనే ముందు చెప్త. పుట్టింది చిలకలగూడ, ఇప్పుడు ఉండేది వారాసిగూడ. ఏరియా పరంగ అయితే కండ్లు మూసుకొని తీసుకో. గాంధీ హాస్పిటల్ మెట్రో స్టేషన్‌కు నడిచిపోవచ్చు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరే, పండుగకు ఊరికి పోవాలంటే బ్యాగు చేతిల పట్టుకొని పోయి రైలెక్కుడే. కూరగాయలకు మోండా మార్కెట్. రైల్వేలల్ల, బ్యాంకులల్ల చేసి రిటైరైనోళ్లు ఎక్కువ, తమిళోళ్లు గూడ మస్తుమంది. పొద్దుగాల గుడి గంటలు, ఫిల్టర్ కాఫీ వాసన. రాత్రి తొమ్మిదిన్నర దాటినంక వీధి మొత్తం సల్లగుంటది.

పెంట్‌హౌస్ అన్న మాటకు పరేషాన్ కాకు. మా హైదరాబాద్ల వాటర్ ట్యాంక్ పక్కన గది కట్టినా పెంట్‌హౌసే.

ఒక్కటి అడుగు: నాన్‌వెజ్ వండుకోనిస్తరా? ఇయ్యాల మిరుగు, మృగశిర కార్తె. ఊరంత చాపల పులుసు తినే రోజు ఇసొంటి ప్రశ్న అడుగుతున్నవంటే నీకు ఆ బాధ ముందే ఉన్నట్టున్నది.

నిడదవోలు జంక్షన్ (జూన్ 8, రాత్రి 10:12)

హహ, బోర్డు మీదే రాసి ఉందండి, 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని. గోదావరి పక్కన పుట్టి చేప తినకుండా ఎలా ఉంటానో చూడాలి.

మేడమీద మనిషి (జూన్ 8, రాత్రి 11:20)

స్లాబా, రేకులా? ముందు అది చెప్పండి, తర్వాతే మిగతావి.

నిడదవోలు జంక్షన్ (జూన్ 9, ఉదయం 8:02)

స్లాబే. పైన ఇంకేం లేదు, ట్యాంకు మాత్రం బాత్రూమ్ మీద ఉంది.

మేడమీద మనిషి (జూన్ 9, ఉదయం 8:45)

అయితే బతికిపోయారు. రేకులైతే ఈ చర్చ ఇక్కడితో ముగించమనేవాణ్ని.

తార్నాకలో ఇలాంటి గదిలోనే ఐదేళ్లు కాపురం చేశాను, ఒక్కణ్నే. మీరు చూసింది జూన్‌లో, రెండు వానలు పడ్డాక. కాబట్టి మేడ మీద గది అసలు స్వరూపం మీకింకా తెలీదు. మార్చి నెలాఖరు నుంచి మృగశిర దాకా ఆ గది మీది కాదు, సూర్యుడిది. స్లాబు పగలంతా ఎండని తాగి, మనం అన్నం తిని పడుకునే వేళకి తీరిగ్గా వదలడం మొదలుపెడుతుంది. రాత్రి పదకొండింటికి గోడ మీద చెయ్యి వేస్తే ఇప్పుడే దించిన పెనంలా ఉండేది. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, అది చేసే పనల్లా కప్పు దగ్గరి వేడిని మన మొహం మీదికి దించడం. ట్యాంకులో నీళ్లూ అంతే. ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట గీజరు అక్కర్లేదు, చల్లనీళ్లే ఉండవు. మీ డ్యూటీ రెండింటికి కాబట్టి స్నానం తొమ్మిదిలోపు కానిచ్చేయండి.

నేను చేసింది చెప్తాను. సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి స్లాబు మీద రెండు పూతలు వేయించాను. తెల్లటి పైకప్పు ఎండని వెనక్కి కొడుతుంది, అంతకంటే శాస్త్రం ఏం లేదు. ఆ వేసవి నుంచి తెల్లవారుజామునైనా దుప్పటి వెతుక్కునేవాణ్ని. ప్రభుత్వం కూడా 2023లో కూల్ రూఫ్ పాలసీ అని ఒకటి తెచ్చింది. ఇళ్ల విషయంలో 600 గజాలూ ఆపైన ఉన్నవాటికే తప్పనిసరి, కాబట్టి మీ ఓనరుకి వర్తించదు. కానీ 'సర్కారే చెబుతోందండీ' అంటే పెద్దవాళ్లు వింటారు. మార్చి రాకముందే అడగండి. ఖర్చు సగం మీరు పెట్టుకుంటానంటే వెంటనే ఒప్పుకుంటారు.

కిటికీలు ఎన్ని, ఎటువైపు? పడమటి గోడకి కిటికీ ఉంటే ఎండాకాలం సాయంత్రాలు దానికి తడి గోనెపట్టా కట్టుకోవాల్సిందే. ఎదురెదురు కిటికీలుంటే కూలర్ పనిచేస్తుంది. ఒకటే ఉంటే కూలర్ కొని డబ్బు తగలేసుకోకండి, గది ఇడ్లీపాత్ర అవుతుంది.

ఇంకో సంగతి. డాబా ఖాళీగా ఉందని మురిసిపోతున్నారు కదా. అది మీది కాదు. మే నెలలో వడియాలు, ఒరుగులు, మిరపకాయలు మీ గుమ్మం ముందే ఆరతాయి, కాకుల్ని తోలే ఉద్యోగం జీతం లేకుండా మీకే వస్తుంది. సంక్రాంతికి వీధి పిల్లలంతా గాలిపటాలతో మీ తల మీదే ఉంటారు. నాకైతే ఆ మూడు రోజులే బాగుండేవి, అది వేరే సంగతి.

బెంగళూరు బాధితుడు (జూన్ 9, ఉదయం 9:30)

రెండు నెలల అడ్వాన్సే అడిగారా? ఆయన కాళ్లకి దండం పెట్టి తాళం తీసుకోండి. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో పది నెలలు అడిగారు. ఇంటి నుంచి తెచ్చిన డబ్బంతా ఒక ముసలాయన బ్యాంకు ఖాతాలో ఏడాదిన్నర నిద్రపోయింది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె కోసుకున్నాడు కూడా. గోడకి నేను కొట్టిన మేకులు రెండు.

లెక్కల మాష్టారు (జూన్ 9, మధ్యాహ్నం 1:15)

అద్దె మాట తర్వాత, కరెంటు మాట తేల్చుకోండమ్మా. విడి మీటరా, ఓనరు మీటరు మీదే వేసిన సబ్ మీటరా?

నిడదవోలు జంక్షన్ (జూన్ 9, మధ్యాహ్నం 1:40)

సబ్ మీటరండి. యూనిట్ పది రూపాయలు అన్నారు.

లెక్కల మాష్టారు (జూన్ 9, మధ్యాహ్నం 2:30)

అదే అనుకున్నాను. లెక్క చూడండి. ఒంటరి మనిషి, చిన్న ఫ్రిజ్, ఫ్యాను, ఓ పూట గీజరు. నెలకి 90 యూనిట్లు అనుకుందాం. మీకే విడి మీటరుంటే మొదటి 50 యూనిట్లకు 1.95 చొప్పున 97.50, మిగతా 40కి 3.10 చొప్పున 124. మొత్తం 221.50. కస్టమర్ చార్జీలూ అవీ ఇవీ కలిపితే మూడొందల పైచిలుకు. సబ్ మీటరు మీద పదేసి చొప్పున 900.

దోపిడీ అనకముందు ఓనరు వైపు లెక్క కూడా చూడాలి. వాళ్ల వాడకం, మీ వాడకం ఒకే మీటరు మీద పడుతుంది. 200 దాటిందంటే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది: 200 వరకు 5.10, ఆపై 300 దాకా 7.70, తర్వాత 400 దాకా 9 రూపాయలు. మీ 90 యూనిట్లు వాళ్ల బిల్లుకి పైన పడతాయి కాబట్టి, ఆయనకి మీరు ఖర్చు పెట్టించేది యూనిట్‌కి సుమారు ఎనిమిది, తొమ్మిది. పది అడగడం ఘోరమేం కాదు. ఎనిమిదికి బేరమాడండి.

నీళ్లు కూడా అడగండి. నల్లా కనెక్షన్‌కి మీటరు, ఆధార్ ఉంటే నెలకి 20 వేల లీటర్లు ఉచితం, 2021 నుంచి ఇస్తున్నారు. ముగ్గురు ముసలివాళ్లు, మీరు. అంత వాడలేరు. 'వాటర్ చార్జీలు' అని వేరే అడిగితే మాత్రం నవ్వి ఊరుకోండి. నల్లా నీళ్లు పైకి వస్తాయా, పై ట్యాంకులో బోరు నీళ్లేనా అన్నది అసలు ప్రశ్న. బోరు నీళ్లకి పప్పు ఉడకదు, జుట్టు మిగలదు.

లష్కర్ వాలా (జూన్ 9, మధ్యాహ్నం 2:41)

జుట్టు సంగతి మాష్టారు అనుభవంతోటి చెప్తున్నరు.

కింద పోర్షన్ (జూన్ 9, సాయంత్రం 5:10)

నేను చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయలేదు. మాది మారేడ్‌పల్లి. మేమూ పై గది అద్దెకిస్తాం, అంటే నేను మీరంతా తిట్టే ఓనరమ్మని.

ఒక్కసారి మా వైపు నుంచి చూడండి. ఒకసారి ఒకబ్బాయికి ఇచ్చాం, నెలలో ఐదుగురయ్యారు. ట్యాంకు పొద్దున్న ఏడింటికే ఖాళీ. ఇంకోసారి ఒకాయన రెండు నెలల అద్దె ఎగ్గొట్టి, పోతూ పోతూ తాళంచెవి కూడా పట్టుకుపోయాడు. తాళం మార్చడానికి మళ్లీ ఖర్చు. పిల్లలు దూరాన ఉంటారు, రాత్రి ఏదైనా అయితే పైన ఒక మనిషి ఉన్నాడన్న ధైర్యం కోసమే అద్దెకిచ్చేది, ఆ ఎనిమిది వేల కోసం కాదు. మరి ఆ మనిషి ఎవరో, ఏ వేళకొస్తాడో అడగడం నేరమా?

అమ్మాయ్, నువ్వు రాత్రి పన్నెండింటికి వస్తానని ముందే చెప్పెయ్. తర్వాత తెలిస్తే అనుమానం, ముందే చెబితే జాగ్రత్త. ఆస్పత్రి ఐడీ కార్డు చూపించు, షిఫ్టుల కాగితం ఫ్రిజ్ మీద అంటించుకోమని వాళ్లకి ఇచ్చెయ్. మా పై గదిలో నర్సమ్మాయి ఉన్నప్పుడు అలాగే చేసింది.

మేడమీద మనిషి (జూన్ 9, సాయంత్రం 5:48)

అడగడం నేరం కాదండి. అబ్బాయి పన్నెండింటికి వస్తే 'పాపం, కష్టపడుతున్నాడు', అమ్మాయి వస్తే 'ఈ వేళప్పుడా' అంటారు చూడండి, అదీ గొడవ.

కింద పోర్షన్ (జూన్ 9, సాయంత్రం 6:03)

కాదనను. మా ఆయన అన్నాడు కూడా. నేను తిట్టాను.

ఇంటిపేరు అడగొద్దు (జూన్ 9, రాత్రి 8:30)

ప్రశాంతమైన కాలనీల గురించి అందరూ ముచ్చటపడుతున్నారు కాబట్టి నాదీ ఒక మాట. పోయినేడు నేను ఇలాంటి గదులే పదకొండు చూశాను. ఫోన్లో అంతా బాగానే మాట్లాడతారు. ఎదురుగా కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి 'ఇంటిపేరు ఏంటి బాబూ?' అంటారు. చెప్పాక ఓ క్షణం ఆగుతారు. ఆ తర్వాత గది వాళ్ల బావమరిదికి ఇస్తామన్న సంగతి గుర్తొస్తుంది. ఒకచోట 'మీరేవిట్లు' అని సూటిగా అడిగాడు, అతనే నయం. 'వెజిటేరియన్స్ ఓన్లీ' బోర్డు కూడా చాలాసార్లు తిండి గురించి కాదు. నేను గుడ్డు కూడా తినను, అయినా ఆ బోర్డులున్న ఇళ్లలో నాకు దొరకలేదు.

చివరికి నాకు గది దొరికింది రోడ్డు మీద, కింద వెల్డింగ్ షాపు. ఓనరు అడిగింది ఒక్కటే, 'ఒకటో తారీఖా, ఐదో తారీఖా?' అని. చెవులు పోతున్నాయి గానీ మనసు నిమ్మళంగా ఉంది.

లష్కర్ వాలా (జూన్ 9, రాత్రి 8:52)

అన్నా, నిజం చెప్పినవ్. మా గల్లీలల్ల గూడ ఉన్నది ఈ రోగం. సాయబులను అడుగు, ఇంకెక్కువ చెప్తరు.

వేదిక నిర్వాహకులు (జూన్ 9, రాత్రి 10:30)

'ఇంటిపేరు అడగొద్దు' పోస్టుకి వచ్చిన పద్నాలుగు జవాబుల్లో పదమూడు తీసేశాం. కులాల పేర్లతో తిట్టుకునేవాళ్లు ఇంకెక్కడైనా తిట్టుకోండి. పై రెండు పోస్టులూ ఉంటాయి. గది సంగతి మాట్లాడండి.

జర్మనీలో జొన్నరొట్టె (జూన్ 10, ఉదయం 4:15)

మాకు ఇక్కడ రాత్రి కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. నేనుండేదీ ఒంటి గదే, 24 చదరపు మీటర్లు. ఇక్కడ నిశ్శబ్దానికి టైం టేబుల్ ఉంటుంది. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా చప్పుడు చేయకూడదు, ఆదివారం రోజంతా గోడకి డ్రిల్లింగ్ పెట్టకూడదు. అడ్వాన్సు మూడు నెలల అద్దెకి మించి అడగడానికి చట్టం ఒప్పుకోదు. వచ్చిన కొత్తలో ఒకసారి రాత్రి పదిన్నరకి పప్పు పెట్టాను. మూడో విజిల్‌కి తలుపు కొట్టారు. పక్కింటావిడ, మొహం తెల్లబోయి ఉంది. గ్యాస్ పేలుతుందనుకుందట. కుక్కర్ తెచ్చి చూపించి, కందిపప్పు చూపించి, ఓ గిన్నెలో పప్పు పెట్టి పంపాను. మర్నాడు గిన్నె కడిగి గుమ్మం దగ్గర పెట్టింది, లోపల ఒక ఆపిల్ పండుతో. ఆ తర్వాత ఏడాది పాటు మాట్లాడుకున్నది లేదు.

లెక్కల మాష్టారు (జూన్ 10, ఉదయం 7:20)

మన దగ్గరా చట్టం ఉంది బాబూ. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే మనకీ పది నుంచి ఆరు దాకానే. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. గాంధీ ఆస్పత్రి ముందు నిలబడి ఆ హారన్లు వింటే ఆ నిబంధన రాసినాయన కన్నీళ్లు పెట్టుకుంటాడు.

నిడదవోలు అమ్మాయికి ఇంకో రెండు ముక్కలు. అగ్రిమెంటు పదకొండు నెలలకి రాస్తారు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి అందరూ పదకొండుతో ఆపుతారు, కంగారు పడకండి. ఖాళీ చేయడానికి ఎన్నాళ్ల ముందు చెప్పాలి, పెయింటింగ్‌కి ఎంత కోస్తారు, ఈ రెండూ కాగితం మీద ఉండాలి. గోడల ఫొటోలు దిగిన రోజే తీసుకుని ఆయనకి వాట్సాప్ చేయండి. ఇక 8,500ని 12తో గుణించండి: 1,02,000. లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం మీ ఆఫీసు వాళ్లు ఓనరు పాన్ అడుగుతారు. పాన్ అనగానే మంచి ఓనర్లు కూడా మాయమైపోతారు. కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపే లేదు కాబట్టి ఈ బాధా లేదు.

నిడదవోలు జంక్షన్ (జూన్ 14, రాత్రి 11:05)

తీసేసుకున్నానండీ! అందరికీ పేరుపేరునా థాంక్స్.

కింద పోర్షన్ ఆంటీ చెప్పినట్టే ముందే ఐడీ కార్డు, షిఫ్టుల కాగితం పెట్టాను. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని పూర్తిగా చదివి 'మూడో వారం పన్నెండు' అని ఎర్రపెన్నుతో గీత గీశారు. కిటికీలు తూర్పు ఒకటి, ఉత్తరం ఒకటి. వంటకి నల్లా నీళ్లు కిందనుంచి బిందెతో తెచ్చుకోవాలి, మెట్లు ఇరవై ఆరు. కరెంటు ఎనిమిదిన్నరకి కుదిరింది. మాష్టారూ, మీ పాన్ లెక్క నేనేం ఎత్తలేదు. ఆయనే 'అద్దె 8,300 చేద్దామమ్మా, ఏడాదికి 99,600 అవుతుంది' అన్నారు. రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరట.

చేపల సంగతి అడిగాను. ఆయన భార్య 'ఇంట్లో వండకమ్మా, బయట తినొస్తే మాకేం' అన్నారు. ఇంటిపేరు నన్నూ అడిగారు. 'ఇంటిపేరు అడగొద్దు' గారూ, చెప్పేటప్పుడు మీ పోస్టు గుర్తొచ్చింది. నాకు గది దొరికింది, ఎందుకు దొరికిందో నాకు తెలుసు. అంతకంటే ఏం రాయాలో తెలీడం లేదు.

ఇంటిపేరు అడగొద్దు (జూన్ 14, రాత్రి 11:30)

గుర్తుపెట్టుకుని రాశారు, చాలు. హాయిగా ఉండండి.

నిడదవోలు జంక్షన్ (జూలై 6, రాత్రి 1:10)

మూడు వారాలైంది. కొన్ని సంగతులు రాస్తాను, నాలాగా వెతుక్కునేవాళ్లకి పనికొస్తాయేమో.

ఒంటి గదిలో మొదట తెలిసొచ్చేది పోపు వాసన. పొద్దున్న చారు పెడితే రాత్రి దిండులో ఇంగువ. బట్టలు తాళ్లకి వేలాడదీయడం మానేసి ఇనప్పెట్టెలో పెడుతున్నాను, అమ్మది, ఊరినుంచి తెప్పించాను. అదే బల్ల, అదే కుర్చీ. మంచం మడతపెట్టేది కొన్నాను. గ్యాస్ పెద్ద బండ అక్కర్లేదు, ఐదు కిలోల 'ఛోటూ' సిలిండరు ఉంది, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, అడ్రసు రుజువులు అడగరు. ఇరవై ఆరు మెట్లు మోయగలిగింది కూడా అదొక్కటే.

రెండోది, నాకు మొదటి నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదు. నిజం. హాస్టల్లో ఏ చప్పుడు నన్ను చంపుతోంది అనుకున్నానో అది లేకపోయేసరికి చెవులు వెతుక్కోవడం మొదలుపెట్టాయి. ట్యాంకు నిండి పొర్లే చప్పుడు, ఎక్కడో కుక్క, స్టేషన్ వైపు నుంచి రైలు కూత. ఆ కూత వింటే ఊళ్లో ఉన్నట్టే ఉండి ఐదో రాత్రి పడుకున్నాను. జంక్షన్ పిల్లని కదా.

ఇప్పుడు సమస్య గేటు. ఇనప గేటు, తీస్తే కిర్రుమని వీధి చివరికి వినిపిస్తుంది. పగలు తెలీదు. రాత్రి పన్నెండింటికి తీస్తుంటే దొంగతనానికి వచ్చినట్టుంది. పక్కింట్లో లైటు వెలుగుతుంది, ఎదురింట్లో ఎవరో దగ్గుతారు. కింద బామ్మగారి గది సరిగ్గా గేటు పక్కనే. ఎనభై ఆరేళ్లు. నేను వచ్చినప్పుడల్లా ఆవిడ మంచం కిర్రుమంటుంది. పడుకునే మనిషిని లేపుతున్నానని గుండె పీకుతోంది. ఎలా?

కింద పోర్షన్ (జూలై 6, ఉదయం 6:30)

గేటు కాస్త పైకెత్తి తియ్యి. చప్పుడు సగం తగ్గుతుంది. కొబ్బరినూనె పొయ్యకు, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది.

లష్కర్ వాలా (జూలై 6, ఉదయం 9:15)

సైకిల్ షాపుల గ్రీజు అడుగు, ఇరవై రూపాయలకు డబ్బల పెట్టి ఇస్తడు. కీళ్లల్ల పాత గుడ్డతోటి రుద్దు. గంతే.

ఇగ నిశ్శబ్దం నిశ్శబ్దం అంటున్నవ్ గదా, జెర ఆగు. ఆషాఢం నడుస్తున్నది. లష్కర్ బోనాలు రానియ్యి. ఉజ్జయిని మహంకాళమ్మ తానికి పోయే డప్పులు నీ మేడ మీదికి గూడ వినిపిస్తయ్. మాష్టారి 45 డెసిబెల్సు ఆ రెండు రోజులు సెలవు మీద పోతయ్.

లెక్కల మాష్టారు (జూలై 6, ఉదయం 9:50)

అమ్మవారి మీద నేను ఫిర్యాదు చేయను. డీజే మీద చేస్తాను.

నిడదవోలు జంక్షన్ (జూలై 15, ఉదయం 10:20)

బోనాలకి వెళ్లొచ్చాను! లైన్లో మూడు గంటలు. పోతరాజు కొరడా నా చెవి పక్కనుంచే పోయింది. బామ్మగారికి ప్రసాదం తెచ్చిస్తే 'మా చిన్నప్పుడు ఇంత జనం ఎక్కడిది' అని మొదలుపెట్టి గంట కూర్చోబెట్టారు. ఆవిడ పెళ్లై ఈ ఇంటికి వచ్చినప్పుడు ఇది ఒంటి అంతస్తట. నేనుండే గది ఆవిడ మరిది చదువుకోవడానికి కట్టించారట, 'చప్పుడు లేకుండా చదువుకుంటాడని. వాడు పైన రేడియో పెట్టుకుని కూర్చునేవాడు' అన్నారు.

నిన్న గ్రీజు రాశాను. గేటు వెన్నలా తెరుచుకుంటోంది.

మేడమీద మనిషి (జూలై 15, ఉదయం 11:00)

భలే. మార్చిలో సున్నం సంగతి మర్చిపోకండి.

నిడదవోలు జంక్షన్ (జూలై 24, మధ్యాహ్నం 12:40)

గేటు కథ అయిపోలేదు.

ఈ వారం రాత్రి పన్నెండు దాకా షిఫ్టులు. మూడు రాత్రులు పిల్లిలా వచ్చి పిల్లిలా మెట్లెక్కాను. నిన్న పొద్దున్న నీళ్లకి కిందికి వెళ్తే బామ్మగారు వరండాలో కూర్చుని ఉన్నారు, కళ్లు ఎర్రగా. 'ఏమే, గేటుకి ఏం చేశావ్?' అన్నారు. గ్రీజు రాశాను బామ్మగారూ, మీకు నిద్ర చెడకుండా అన్నాను. 'నా నిద్ర చెడగొట్టిందే ఆ గ్రీజు. గేటు చప్పుడైతే పిల్ల వచ్చింది అని అటు తిరిగి పడుకునేదాన్ని. ఇప్పుడు ఒంటిగంట దాకా చూస్తాను, రెండింటి దాకా చూస్తాను. వచ్చావో రాలేదో ఎవరు చెప్తారు నాకు?'

నేనేం మాట్లాడలేకపోయాను. పెద్దాయన భార్య లోపలినుంచి నవ్వుతున్నారు. పెద్దాయన పేపరు దించకుండానే 'తుడిచెయ్యమ్మా' అన్నారు.

కింద పోర్షన్ (జూలై 24, మధ్యాహ్నం 1:05)

చెప్పానుగా, గేటు కాస్త పైకెత్తి తీస్తే చాలని. ఎవరింటారు.

లష్కర్ వాలా (జూలై 24, మధ్యాహ్నం 1:30)

నా ఇరవై రూపాయల గ్రీజు మీద నింద పడ్డది. ఇప్పుడేం చేస్తున్నవ్ మరి?

నిడదవోలు జంక్షన్ (జూలై 25, రాత్రి 12:25)

గ్రీజు అంత తేలిగ్గా పోలేదండీ. గేటు వేశాక గొళ్లెం ఒక్కసారి టక్కుమని కొడుతున్నాను. మంచం కిర్రుమంటుంది. అప్పుడు మెట్లెక్కుతాను.

కొత్త సభ్యుడు 4471 (ఆగస్టు 19, సాయంత్రం 4:50)

నమస్తే. పద్మారావునగర్ పెంట్‌హౌస్ ఖాళీ ఉందా? బ్యాచిలర్‌ని. ఓనర్ నంబర్ పెట్టగలరు.

లష్కర్ వాలా (ఆగస్టు 19, సాయంత్రం 5:02)

తమ్మీ, మొత్తం చదివినంక అడుగు.